దాచుకోలేని గింజ

పత్తి పండే ఊళ్లలో తొలకరికి ముందు తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటుంది. "కందులు దాచుకుని విత్తుకుంటాం, పెసలు దాచుకుని విత్తుకుంటాం. మన చేలో పండిన పత్తిలోనూ గింజలుంటాయి కదా! పత్తి విత్తనం మాత్రం ఏటేటా ఎందుకు కొనాలి?"

కొందరు ఇది కంపెనీల మాయ అంటారు. ఇంకొందరు ఆ గింజ మొలవనే మొలవదంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తి నిజం కాదు. హైబ్రిడ్ పత్తిలోంచి తీసిన గింజ నాటితే మొలుస్తుంది, పూస్తుంది, కాస్తుంది కూడా. అయితే పోయినేడు ఒక్క తీరుగా నిలబడ్డ చేను ఈసారి రకరకాలుగా కనిపిస్తుంది. ఒక మొక్క నడుము ఎత్తు పెరిగితే పక్కది మోకాలి దగ్గరే ఆగిపోతుంది. ఒకదాని పింజ పొడుగ్గా ఉంటే ఇంకోదానిది పొట్టి. ఒకటి ముందే పగులుతుంది, ఒకటి ఆలస్యం చేస్తుంది. మొత్తం మీద దిగుబడి పడిపోతుంది.

ఎందుకిలా అవుతుందో అర్థం కావాలంటే పత్తి పువ్వు లోపలికి చూడాలి. ఆ పువ్వుతో సూరత్‌లో ఒక శాస్త్రవేత్త ఏం చేశాడో తెలుసుకోవాలి. ఆయన పేరు చంద్రకాంత్ టి. పటేల్ (1917–1990). రైతులకు అమ్మేంత పరిమాణంలో ప్రపంచంలోనే మొదటి హైబ్రిడ్ పత్తిని తయారు చేసిన మనిషి. మన గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్, కర్నూలు చేలల్లో ఈనాటికీ ఆయన పని కొనసాగుతూనే ఉంది. ఆయన పేరు తెలిసిన రైతులు మాత్రం అరుదు.

పొట్టి పింజ ఊరు

సూరత్ తెలుగువాళ్లకు పరాయి ఊరేమీ కాదు. తెలంగాణ పల్లెల నుంచి ఎన్నో పద్మశాలీ కుటుంబాలు మరమగ్గాల పని కోసం అక్కడికి వలస వెళ్లాయి. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగు మాట రోజూ వినిపిస్తుంది. అదే నగరంలో అఠ్వా ప్రాంతంలో ప్రధాన పత్తి పరిశోధనా కేంద్రం ఉంది. ఇప్పుడది నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేస్తోంది. మన నేతగాళ్లు బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లిన ఊరి నుంచే మన రైతులకు కొత్త తరహా విత్తనం వచ్చింది.

మొగలుల కాలంలో సూరత్ పెద్ద రేవు. ఇక్కడి నూలు బట్ట సముద్రాలు దాటి వెళ్లేది. అయితే 19వ శతాబ్దంలో ఇంగ్లాండ్ మిల్లుల్లో ఈ ఊరికి చెడ్డపేరు వచ్చింది. 1861–65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధం జరగడంతో అక్కడి పత్తి రావడం దాదాపు ఆగిపోయి, లాంకషైర్ మిల్లులు భారతదేశపు పత్తి మీద ఆధారపడాల్సి వచ్చింది. ఆ పత్తిని వాళ్లు 'సూరత్' అనే పిలిచేవారు. దాని పింజ పొట్టిది. అమెరికా పత్తికి అలవాటుపడ్డ యంత్రాల మీద దారం మాటిమాటికీ తెగిపోయేది. అతుకులు వేసే కూలీలు ఆ పేరు వింటేనే చిరాకుపడేవారు.

తప్పు రైతుది కాదు. ప్రపంచంలో మనుషులు సాగు చేసే పత్తి జాతులు నాలుగు. వాటిలో ఆర్బోరియం, హెర్బేసియం అనేవి మన దేశీ పత్తులు. కణానికి 26 క్రోమోజోములు. ఇవి వాన తక్కువైనా తట్టుకుంటాయి, పురుగుకు తేలిగ్గా లొంగవు, కానీ పింజ పొట్టి. చేతి రాట్నానికీ చేనేత మగ్గానికీ ఇవి సరిగ్గా సరిపోయేవి. మన పొందూరు ఖద్దరుకు పేరు తెచ్చిన సన్నటి నూలు కూడా పొట్టి పింజ నుంచే వస్తుంది. మిగతా రెండు, హిర్సుటం, బార్బడెన్స్, అమెరికా ఖండాల జాతులు. వీటిలో 52 క్రోమోజోములు. పింజ పొడుగు, మిల్లు యంత్రాలకు అనుకూలం.

1947లో దేశం విడిపోయినప్పుడు మిల్లుల్లో ఎక్కువ భాగం మన వైపు ఉండిపోయాయి. పొడుగు పింజ పండే సింధ్, పశ్చిమ పంజాబ్ నేలలు పాకిస్తాన్‌లోకి వెళ్లాయి. బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు నడవాలంటే ఈజిప్టు, సూడాన్, అమెరికాల నుంచి పత్తి కొనాలి. విదేశీ మారకానికి కటకటలాడుతున్న రోజులవి. పొడుగు పింజ ఇవ్వాలి, ఎక్కువ కాయాలి, మన నేలలో నిలవాలి. దేశంలోని పత్తి శాస్త్రవేత్తలందరి ముందూ నిలిచిన సవాలు ఇది. పటేల్ పనిచేసిన సూరత్ కేంద్రం దానికి ఒక జవాబు వెతికింది.

ఒకే పువ్వులో తల్లీ తండ్రీ

వేర్వేరు వంశాల మొక్కల్ని కలిపితే పుట్టే మొదటి తరం, అంటే హైబ్రిడ్, కొన్నిసార్లు తల్లినీ తండ్రినీ మించి పెరుగుతుంది. దీన్ని శాస్త్రవేత్తలు హెటెరోసిస్ అంటారు. మనం సంకర తేజం అనుకుందాం. ఛార్లెస్ డార్విన్ 1876లో వెలువరించిన ఒక గ్రంథమంతా మొక్కల్లో స్వపరాగ సంపర్కానికీ పరపరాగ సంపర్కానికీ ఉన్న తేడాల గురించే. పత్తిలోనూ ఈ తేజం ఉందని 19వ శతాబ్దం చివరికే గమనించారు. అమెరికా రైతులు 20వ శతాబ్దం మొదటి సగంలోనే హైబ్రిడ్ మొక్కజొన్న వేసుకున్నారు.

మరి పత్తికి అంత ఆలస్యం ఎందుకైంది? మొక్కజొన్నలో మగపూలు మొక్క కొసన జల్లుగా వస్తాయి, ఆడపూలు కిందుగా కండె దగ్గర ఉంటాయి. తల్లి వరుసలో జల్లులు పీకేస్తే చాలు, పక్క వరుస పుప్పొడి గాలికి వచ్చి పడుతుంది. పత్తిలో అలా కుదరదు. ఒకే పువ్వులో నడుమ అండాశయం, దాని మీద కీలం, కీలం చుట్టూ గొట్టంలా అల్లుకున్న పుప్పొడి కేసరాలు ఉంటాయి. ఉదయం పువ్వు విచ్చుకోగానే దాని పుప్పొడి దాని మీదే పడుతుంది. బరువుగా, జిగురుగా ఉండే ఆ పుప్పొడి గాలికి ఎగరదు. తేనెటీగలు కొంత మోసుకెళ్తాయి గానీ, వాటిని నమ్ముకుని విత్తన వ్యాపారం చేయలేం.

అంటే పత్తి హైబ్రిడ్ కావాలంటే ఒక్కో మొగ్గ దగ్గరికీ మనిషి వెళ్లాలి. పువ్వు విచ్చుకోక ముందే కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున వేరే మొక్క పుప్పొడి తెచ్చి రాయాలి. ప్రయోగశాల వెనుక తోటలో పది మొక్కలకు ఈ పని చేయొచ్చు. లక్షల ఎకరాలకు సరిపడా విత్తనం ఇలా తయారవుతుందా? ప్రపంచం మొత్తం కాదనుకున్న చోట సూరత్ కేంద్రం అవునని చేసి చూపించింది.

పటేల్ ఎంచుకున్న తల్లి గుజరాత్-67 అనే రకం. తండ్రి అమెరికన్ నెక్టరీలెస్ అనే రకం. రెండూ హిర్సుటం జాతివే. వీటి సంతానానికి హైబ్రిడ్-4 అని పేరు పెట్టారు, సంకర్-4 అన్న పేరు కూడా ఉంది. 1970లో దాన్ని సాగుకు విడుదల చేశారు. 1971లో గుజరాత్ ప్రభుత్వం విత్తనం ఉత్పత్తి చేయించి రైతులకు పంచింది. గుజరాత్ దాటి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వరకూ అది పాకింది.

ఈ పద్ధతి ఇక్కడే నిలదొక్కుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, హైబ్రిడ్ మొక్క గుబురుగా విస్తరిస్తుంది కాబట్టి ఎడంగా నాటుతారు, ఎకరానికి విత్తనం తక్కువ చాలు. రెండోది, పత్తి కాయ ఒక్కటి కుదిరితే దానిలో పాతిక దాకా గింజలు వస్తాయి. మనిషి చేయి రెండుసార్లు తాకితే పాతిక మొక్కలకు విత్తనం. కూలి ఖరీదైన, పొలాలు విశాలమైన అమెరికాలో ఈ లెక్క గిట్టుబాటు కాదు. చిన్న కమతాలు, పని కోసం ఎదురుచూసే చేతులు ఉన్న మన పల్లెల్లో గిట్టుబాటైంది. సంకర తేజాన్ని పటేల్ కొత్తగా కనిపెట్టలేదు. దాన్ని చేతిపనితో లక్షల ఎకరాలకు చేర్చవచ్చని రుజువు చేశాడు. ఆయన గొప్పతనం అక్కడుంది.

రెండేళ్లకే, 1972లో, ధార్వాడ్‌లో బి.హెచ్. కాటార్కి వరలక్ష్మి హైబ్రిడ్‌ను అందించారు. అది హిర్సుటం, బార్బడెన్స్ జాతుల కలయిక. దాని పింజ మరింత పొడుగు, సన్నం. కృష్ణా–గుంటూరు రైతులు ఆ రోజుల్లో వరలక్ష్మి పత్తిని ఎంతో ఆశగా వేశారు. ఇటు సూరత్ నుంచి హైబ్రిడ్-6, హైబ్రిడ్-8, హైబ్రిడ్-10 వరసగా వచ్చాయి.

పడుగు ఒకరిది, పేక ఒకరిది

ఇప్పుడు రైతు ప్రశ్నకు వద్దాం. హైబ్రిడ్ గింజను ఎందుకు దాచుకోలేం?

మగ్గం మీద బట్టను తలచుకోండి. నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక. ప్రతి మొక్కా ఇలాంటి బట్టే అనుకుందాం. దానికి పడుగు తల్లి ఇస్తుంది, పేక తండ్రి ఇస్తుంది. ఎన్నో తరాలు తనలో తానే ఫలదీకరణం చెందిన శుద్ధ వంశం ఒకటి తీసుకుంటే, దాని దగ్గర ఉన్నవన్నీ ఎర్ర దారాలే. ఇంకో శుద్ధ వంశం దగ్గర అన్నీ తెల్ల దారాలే. ఈ రెండింటినీ కలిపితే పడుగంతా ఎరుపు, పేకంతా తెలుపు. ఎన్ని బట్టలు నేసినా అన్నీ ఒకే గులాబి రంగులో వస్తాయి. హైబ్రిడ్ చేను మొత్తం ఒక్క తీరుగా ఉండటానికి కారణం ఇదే.

ఆ గులాబి బట్టే తిరిగి తల్లి అయితే? దాని దగ్గర ఎర్ర దారమూ ఉంది, తెల్ల దారమూ ఉంది. పడుగుకు రెండిట్లో ఏదో ఒకటి ఇస్తుంది. పుప్పొడి కూడా అదే మొక్కది కాబట్టి పేకకూ రెండిట్లో ఏదో ఒకటి వస్తుంది. ఈసారి నేసిన నాలుగు బట్టల్లో సగటున ఒకటి పూర్తి ఎరుపు, ఒకటి పూర్తి తెలుపు, రెండు గులాబి. గులాబి సగానికి పడిపోయింది. ఆ మరుసటి తరంలో అందులోనూ సగం.

ఇది ఒక్క రంగు లెక్క. పత్తి మొక్కలో ఎత్తు, కొమ్మల తీరు, కాయ సైజు, పింజ పొడుగు, దారం గట్టిదనం, కోతకొచ్చే సమయం ఇలా ఎన్నో గుణాలు. ఒక్కో గుణం వెనుక ఎన్నో జన్యువులు. అన్నీ ఇలాగే విడిపోయి కొత్త కొత్త పొత్తుల్లో కలుస్తాయి. చేలో ఏ రెండు మొక్కలూ ఒకేలా ఉండవు.

హైబ్రిడ్-4 తల్లిదండ్రుల్లోనే దీనికి చక్కటి నిదర్శనం ఉంది. మామూలు పత్తి ఆకు వెనక్కి తిప్పి చూస్తే నడి ఈనె మీద చిన్న గుంటలా తేనె గ్రంథి కనిపిస్తుంది. తండ్రి రకమైన అమెరికన్ నెక్టరీలెస్‌కు ఆ గ్రంథులు ఉండవు. తేనె కోసం వచ్చే రెక్కల పురుగులు ఇలాంటి మొక్కల దగ్గర తక్కువగా ఆగుతాయని పత్తి శాస్త్రవేత్తలు ఈ గుణం మీద ఆసక్తి చూపేవారు. గ్రంథులు లేకపోవడానికి రెండు జతల బలహీన జన్యువులు కారణం. మొదటి తరంలో తల్లి జన్యువులు పైచేయి అవుతాయి కాబట్టి హైబ్రిడ్ మొక్కలకు గ్రంథులు కనిపిస్తాయి. దాచిన గింజ నాటిన రెండో తరంలో మాత్రం సగటున 16 మొక్కలకు ఒకటి తాతలాగే గ్రంథులు లేకుండా పుడుతుంది. పోయిందనుకున్న గుణం మళ్లీ బయటికి వస్తుంది.

దిగుబడి తగ్గడానికీ ఇదే మూలం. ప్రతి శుద్ధ వంశంలోనూ కొన్ని లోపమున్న జన్యువులు దాగి ఉంటాయి. ఒకరి లోపాన్ని ఇంకొకరి మంచి జన్యువు కప్పేస్తే మొక్కకు బలం వస్తుంది. సంకర తేజానికి ఇదొక ముఖ్యమైన వివరణ. రెండో తరంలో ఒకే లోపం రెండు వైపుల నుంచీ వచ్చే మొక్కలు పెరుగుతాయి, కప్పే జన్యువు ఉండదు, బలం తగ్గుతుంది.

అందుకే ఏటేటా అవే తల్లిదండ్రుల్ని కొత్తగా కలపాలి. ప్యాకెట్‌కు మనం ఇచ్చే డబ్బు ఆ ఏడాది జరిగిన కలయికకు చెల్లిస్తున్న కూలి.

ప్యాకెట్ వెనుక చేతులు

ఆ కూలి ఎవరిది? గద్వాల, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో 'క్రాసింగ్' పత్తి అంటే పసిపిల్లలకూ తెలుసు. పొలంలో కొన్ని వరుసలు ఆడ మొక్కలు, విడిగా కొన్ని మగ మొక్కలు. మధ్యాహ్నం దాటాక కూలీలు ఆడ వరుసల్లోకి దిగుతారు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి పట్టుకుని, బొటనవేలి గోటితో అడుగున గాటు పెట్టి, పూరేకల్నీ కేసరాల గొట్టాన్నీ కలిపి ఒక్క మెలికతో ఊడదీస్తారు. నడుమ కీలం మాత్రం మిగలాలి. గోరు లోతుగా దిగితే అండాశయం దెబ్బతిని కాయ రాలిపోతుంది. ఒక్క కేసరం మిగిలినా ఆ పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టే ప్రమాదం ఉంది. మర్నాడు పొద్దున మగ పూలు కోసుకొచ్చి ఒక్కో కీలాగ్రానికీ పుప్పొడి రాస్తారు. రెండు నెలలకు పైగా రోజూ ఇదే పని.

చిన్న లెక్క వేద్దాం. బీటీ (జన్యుమార్పిడి) పత్తి ప్యాకెట్‌లో సుమారు 450 గ్రాముల బీటీ గింజలుంటాయి. వంద గింజల బరువు సుమారు 9 గ్రాములనుకుంటే ఐదు వేల గింజలు. కాయకు పాతిక చొప్పున చూస్తే 200 కాయలు. గిల్లిన ప్రతి మొగ్గా కాయగా నిలవదు కాబట్టి చేతులు తాకిన పూలు అంతకంటే చాలా ఎక్కువ. ఒక్కో పువ్వునూ రెండు పూటలా తాకాలి. విత్తన ధ్రువీకరణ నిబంధనల ప్రకారం హైబ్రిడ్ పత్తిలో జన్యు స్వచ్ఛత కనీసం 90 శాతం ఉండాలి. ఆ స్వచ్ఛత ఆ వేళ్ల ఓపిక మీద నిలుస్తుంది.

ఈ కథలో బాధాకరమైన అధ్యాయం కూడా ఉంది. 1990ల్లో కర్నూలు, మహబూబ్‌నగర్ క్రాసింగ్ పొలాల్లో వేల మంది పిల్లలు, ముఖ్యంగా బడి మానేసిన ఆడపిల్లలు పనిచేశారు. చిన్న వేళ్లకే ఈ పని బాగా వస్తుందని అప్పట్లో చెప్పుకునేవారు. అసలు కారణం పిల్లలకు తక్కువ కూలి ఇస్తే సరిపోవడం. పెద్దలు ఈ పనిని ఎంతో నేర్పుగా చేస్తారు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు, ఎందరో ఉపాధ్యాయులు, గ్రామ పెద్దలు ఇంటింటికీ తిరిగి ఎంతోమంది పిల్లల్ని బడికి చేర్చారు. విత్తన రైతుకు కంపెనీ ఇచ్చే ధర పెద్దల కూలికి సరిపోయినప్పుడే ఆ మార్పు నిలబడుతుంది.

చేతిపని తగ్గించే దారి శాస్త్రవేత్తలు వెతకకపోలేదు. పుప్పొడి పుట్టని తల్లి మొక్కల్ని వాడితే మొగ్గ గిల్లే పని ఉండదు. 1978లో కోయంబత్తూరు నుంచి వచ్చిన సుగుణ అలాంటిదే. అయినా పుప్పొడి రాయడం తప్పదు. పైగా అలాంటి వంశాల్లో దిగుబడి తగ్గకుండా చూసుకోవడం కష్టమైంది. అందుకే నేటికీ చేతి క్రాసింగే రాజ్యమేలుతోంది.

గింజ మార్చిన సేద్యం

ఇవాళ దేశంలో పత్తి వేసిన నేలలో 90 శాతానికి పైగా హైబ్రిడ్లే. మిగతా పెద్ద పత్తి దేశాలు చాలావరకూ మామూలు రకాలతోనే సాగు చేస్తున్నాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు మన దేశంలో దాన్ని హైబ్రిడ్ల రూపంలోనే అమ్మారు. రైతు ఏటా కొనక తప్పదు కాబట్టి కంపెనీకి అది రక్షణ కూడా. 2001లో పార్లమెంటు ఆమోదించిన మొక్కల రకాల పరిరక్షణ చట్టం రైతుకు విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు ఇచ్చింది. హైబ్రిడ్ విషయంలో ఆ హక్కు కాగితం మీదే మిగిలింది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య కమిషన్‌ను ఆశ్రయించాక, అంతకుముందు 1,600 రూపాయలు దాటిన బీటీ ప్యాకెట్ ధర 750కి దిగింది. ఏటా కొనాల్సిన గింజ ధర ఎవరు నిర్ణయించాలన్నది తెలుగు నేల మీదే అంత తీవ్రంగా చర్చకు వచ్చింది.

ఖరీదైన గింజ నాటే తీరును కూడా మార్చింది. హైబ్రిడ్‌ను 90 సెంటీమీటర్ల సాళ్లలో 60 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి దాదాపు 7,500 మొక్కలు. ఒక్కో మొక్క గుబురుగా పెరిగి నెలల తరబడి పూస్తూ కాస్తూ ఉంటుంది. నీటి వసతి ఉన్న నల్లరేగడిలో అది వరమే. ఆదిలాబాద్ లాంటి వర్షాధార నేలల్లో మాత్రం వానలు వెళ్లిపోయాక కాయలు నిండుతాయి, నేలలో తేమ ఉండదు, గులాబి రంగు పురుగుకు ఎక్కువ కాలం తిండి దొరుకుతుంది. పొట్టిగా, బిగువుగా పెరిగి తొందరగా ముగిసే రకాల్ని 15 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి దాదాపు 30,000 మొక్కలు పడతాయి. మొక్కకు కొన్ని కాయలే వచ్చినా ఒకేసారి వస్తాయి. నాలుగు రెట్లు విత్తనం కావాలి కాబట్టి అక్కడ రైతు దాచుకోగల మామూలు రకం పొదుపు. నాగపూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధనా సంస్థ సూరజ్ లాంటి రకాలతో ఈ పద్ధతిని పరీక్షించింది. మన నంద్యాల పరిశోధనా కేంద్రం ఇచ్చిన నరసింహ కూడా దాచుకోగల రకమే. దాన్ని ఎంతోమంది రైతులు ఏళ్ల తరబడి నమ్ముకున్నారు.

దీన్నిబట్టి పటేల్ పని పొరపాటనుకోవడం అన్యాయం. పొడుగు పింజ కోసం దేశం విదేశాల వైపు చూస్తున్న రోజుల్లో, అప్పటి నేలకూ అప్పటి చేతులకూ సరిపోయే జవాబు ఆయన ఇచ్చాడు. పైగా హైబ్రిడ్-4 ప్రభుత్వ క్షేత్రంలో పుట్టింది. దాని తల్లిదండ్రుల వివరాలు అందరికీ తెలుసు, విత్తనం ప్రభుత్వమే పంచింది. ఇప్పుడు కొట్లో దొరికే చాలా ప్యాకెట్ల మీద తల్లి పేరూ తండ్రి పేరూ రైతుకు కనిపించవు.

సూరత్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇదే. ప్రజల డబ్బుతో నడిచే పరిశోధనా కేంద్రం రైతు అవసరాన్ని తన ప్రశ్నగా తీసుకుంటే, ప్రపంచం కాదన్నది కూడా సాధించగలదు. నీళ్లున్న చోటుకు మంచి హైబ్రిడ్, వానమీద బతికే చోటుకు దాచుకోగల పొట్టి రకం, రెండూ అలాంటి కేంద్రాల నుంచే రావాలి. లాం, నంద్యాల, వరంగల్, ఆదిలాబాద్ పరిశోధనా క్షేత్రాలకు నిధులూ మనుషులూ అడగడం ప్రతి పత్తి రైతు హక్కు. క్రాసింగ్ పొలంలో పనిచేసే పెద్దలకు న్యాయమైన కూలి అడగడం ఆ పత్తితో నేసిన బట్ట కట్టుకునే మనందరి బాధ్యత.